విరిగిన అడ్జస్టర్‌తో బండి తోలితే...

ఆకివీడు దాటాక కైకలూరు వైపు వెళ్ళే రోడ్డు. ఇంకా తెల్లవారలేదు. రెండు పక్కలా చేపల చెరువులు, గట్ల మీద అక్కడక్కడా బల్బులు, నీళ్ళను చిలుకుతున్న ఏరేటర్ల చప్పుడు. వంద సీసీ బండి వెనక క్యారియర్ మీద రెండు ప్లాస్టిక్ టబ్బులు తాళ్ళతో బిగించి కట్టుకుని ఒక చేపల వ్యాపారి వస్తున్నాడు. టబ్బుల్లో మంచు కరిగి, ఆ నీళ్ళు చుక్కలు చుక్కలుగా వెనక చక్రం పక్కన కారుతున్నాయి. కాలవ మీది వంతెన ఎక్కడానికి గేరు తగ్గించి గట్టిగా రేజ్ చేశాడు. బండి ఎక్కింది. దిగుతూ చెయ్యి వదులు చేశాడో లేదో, కాలి కింద గరగరమని ఒక శబ్దం. వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోయింది. క్లచ్ నొక్కాడు, లాభం లేకపోయింది. బండి వెనక భాగం పక్కకు ఈడ్చుకుపోయి, మనిషీ టబ్బులూ రోడ్డు అంచున పడ్డారు. ఎదురుగా లారీ ఏదీ రాలేదు కాబట్టి మోచేయి, మోకాలు గీరుకుపోవడంతో బయటపడ్డాడు.

ట్రాలీ ఆటోలో బండిని షెడ్డుకు చేర్చాక మెకానిక్ కుర్రాడు చైన్ కవర్ విప్పాడు. గొలుసు పళ్ళ చక్రం మీంచి జారి, చక్రానికీ, దాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కూ మధ్య ముద్దగా ఇరుక్కుని ఉంది. ఎడమ పక్క చైన్ అడ్జస్టర్ సగానికి విరిగి ఉంది. మర ఉన్న తోక భాగం ఎక్కడ పడిపోయిందో లేదు.

"బాబాయ్, ఇది ఇయ్యాల విరిగింది కాదు. విరిగినచోట తుప్పు చూడు, ఎలా పట్టేసిందో" అన్నాడు కుర్రాడు.

"తెలుసురా అబ్బాయ్. నట్టు గట్టిగా బిగించాం గదా, లాగేస్తదిలే అనుకున్నా."

కుర్రాడు స్వింగ్ ఆర్మ్ మీది మట్టిని గుడ్డతో తుడిచి వేలు పెట్టి చూపించాడు. కుడి పక్క ఇరుసు ఉండాల్సిన గీత దగ్గరే ఉంది. ఎడమ పక్క మాత్రం రెండు గీతలు ముందుకు జరిగింది. జరిగిన దారి పొడవునా వాషర్ గీసిన ఇనుము కొత్తగా తళతళలాడుతోంది. తుప్పేమో పాతది, ఆ గీకుడు మాత్రం ఆ తెల్లవారుజాముది.

ఇలాంటి బండ్లు మన రోడ్ల మీద ఎన్ని తిరుగుతున్నాయో లెక్క లేదు. ఏ ఊళ్ళోనైనా రెండు మూడు మెకానిక్ షెడ్ల దగ్గర కాసేపు నిలబడితే మాత్రం, విరిగిన అడ్జస్టరో, మరలు పోయిన అడ్జస్టరో ఉన్న బండి ఒక్కటైనా కనబడకపోదు. ద్విచక్ర వాహనాల భద్రత గురించి ఈమధ్య గట్టిగానే మాట్లాడుకుంటున్నాం. ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ ఉండాలనీ, కొన్నప్పుడే రెండు హెల్మెట్లు ఇవ్వాలనీ కేంద్ర రవాణా శాఖ 2025 జూన్‌లో ముసాయిదా తెచ్చాక టీ కొట్ల దగ్గర కూడా ఆ చర్చే. మంచి చర్చ, జరగాల్సిన చర్చ. కానీ ఏబీఎస్ విడిపించగలిగేది బ్రేకు వల్ల బిగిసిన చక్రాన్ని మాత్రమే. గొలుసు ఇరుక్కుని బిగిసిన చక్రాన్ని అది ఏమీ చేయలేదు. క్లచ్ కూడా అంతే. ఇంజిన్‌ను విడదీయగలదు తప్ప, చక్రానికీ చట్రానికీ మధ్య చిక్కుకున్న ఇనుప గొలుసును లాగి పారేయలేదు. గొలుసు అలా చిక్కుకోకుండా చూసే చిన్న ముక్క వెనక ఇరుసు దగ్గర ఉంది. దాని ఖరీదు వంద రూపాయలకు అటూ ఇటూ.

వంద కీళ్ళ అరుగుదల

నులక మంచం వాడగా వాడగా వదులవుతుంది. కాళ్ళ వైపు తాడు లాగి బిగిస్తే మళ్ళీ బిర్రుగా నిలుస్తుంది. మోటార్‌సైకిల్ గొలుసుకు అలా లాగి బిగించే పని చేసేదే చైన్ అడ్జస్టర్.

గొలుసు సాగిందని అందరూ అంటాం. నిజానికి ఇనుప పలకలు సాగవు. లింకుకూ లింకుకూ మధ్య ఉన్న పిన్నూ బుష్షూ ఒకదానిమీద ఒకటి తిరిగి తిరిగి అరుగుతాయి. మన బండ్ల గొలుసులో వందకు పైగా ఇలాంటి కీళ్ళు ఉంటాయి. ఒక్కో కీలు మిల్లీమీటరులో పదో వంతు అరిగితే చాలు, మొత్తం గొలుసు ఒక సెంటీమీటరు పొడవైనట్టే. అప్పుడు వెనక చక్రాన్ని అర సెంటీమీటరు వెనక్కి జరపాలి. స్వింగ్ ఆర్మ్ చివర ఇరుసుకు గుండ్రటి రంధ్రం కాకుండా పొడవాటి గాడి ఉండేది అందుకే. ఆ గాడిలో ఇరుసు ఎక్కడ నిలవాలో రెండు పక్కలా రెండు అడ్జస్టర్లు నిర్ణయిస్తాయి.

మన కమ్యూటర్ బండ్లలో ఎక్కువగా కనబడేది లాగుడు రకం. ఒక చివర ఇరుసు దూరే కన్ను, రెండో చివర మరలు కోసిన కడ్డీ, ఆ కడ్డీకి నట్టు, దానిమీద లాక్ నట్టు. నట్టు తిప్పితే కడ్డీ వెనక్కి వస్తుంది, దానితోపాటే ఇరుసూ వస్తుంది. కొన్ని బండ్లలో కడ్డీకి బదులు నత్త గుల్ల ఆకారంలో గాళ్ళున్న పలక ఉంటుంది. దాన్ని తిప్పిన కొద్దీ ఒక్కో గాడి ఇరుసును వెనక్కి నెడుతుంది. పెద్ద బండ్లలో స్వింగ్ ఆర్మ్ గొట్టం లోపల దిమ్మె, బయటి నుంచి బోల్టు. ఆకారాలు వేరైనా అన్నీ చేసేది ఒకటే: చక్రాన్ని గొలుసుకు సూటిగా, సరైన దూరంలో నిలపడం.

│ బాక్స్ │ మాంచెస్టర్ నుంచి మన గడపకు

ఇప్పుడు బండ్లలో వాడుతున్న బుష్ రోలర్ గొలుసుకు రూపం ఇచ్చింది హాన్స్ రెనాల్డ్. స్విట్జర్లాండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో స్థిరపడ్డ ఇంజినీరు. అది 1880. మొదట సైకిళ్ళకూ యంత్రాలకూ, తరవాత మోటార్‌సైకిళ్ళకూ అదే గొలుసు ఎక్కింది. గొలుసు బాధ లేకుండా షాఫ్ట్‌తో చక్రాన్ని తిప్పిన బండ్లూ ఉన్నాయి. బీఎండబ్ల్యూ 1923లో తెచ్చిన ఆర్ 32 అలాంటిదే. కానీ తేలిక, చౌక, బలం మూడూ కలిసి రావడంతో చిన్న బండ్లలో గొలుసే నిలిచింది. మన వంద సీసీ బండ్లలో ఎక్కువగా కనబడే 428 రకం గొలుసులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం 12.7 మి.మీ., అంటే సరిగ్గా అరంగుళం. కొత్తగా ఉన్నప్పుడు అలాంటి 20 దూరాలు కలిపి కొలిస్తే 254 మి.మీ. రావాలి. అదే కొలత 259 దాటిందంటే రెండు శాతం అరిగినట్టు. ఇక అడ్జస్టర్ తిప్పడం మానేసి గొలుసు మార్చే సంగతి చూడాలి.

విరగడానికి కారణాలు

అడ్జస్టర్ తనంతట తాను విరగడం తక్కువ. దాన్ని విరగ్గొట్టేది మన తొందరే.

చైన్ బిగించాలంటే ముందు ఇరుసు నట్టు వదులు చేయాలి. చాలా కమ్యూటర్ బండ్లలో గొలుసు పక్కన స్లీవ్ నట్టు అని ఇంకోటి ఉంటుంది. అది పళ్ళ చక్రం ఉన్న భాగాన్ని స్వింగ్ ఆర్మ్‌కు పట్టి ఉంచుతుంది. దాన్నీ వదులు చేయాలి. హడావుడిలో ఉన్నవాళ్ళు ఇరుసు నట్టు ఒక్కటే వదులు చేసి, స్లీవ్ నట్టును అలాగే ఉంచి, అడ్జస్టర్ నట్టుకు పానా పెట్టి తిప్పేస్తారు. చక్రం కదలదు. కదలడం లేదని ఇంకా గట్టిగా తిప్పుతారు. ఆ బలమంతా పెన్సిల్ మందం కూడా లేని మర కడ్డీ మీద పడుతుంది. మరలు చెడిపోతాయి, లేదా కడ్డీ మొదట్లో పగులు పడుతుంది. ఆ పగులు ఆ రోజు కనబడదు. వారానికో నెలకో ఏదో గుంతలో బండి దభీమన్నప్పుడు పూర్తిగా తెగుతుంది.

రెండో కారణం తుప్పు. వెనక చక్రం విసిరే బురదంతా వచ్చి పడేది ఇరుసు చివర్లోనే. నల్లరేగడి పొలం దారుల్లో తిరిగే బండ్లకు ఆ మట్టి సిమెంటులా గట్టిపడి నట్టు కదలదు. చేపలు, రొయ్యలు మోసే బండ్ల సంగతి ఇంకా కష్టం. ఉప్పు కలిసిన మంచు నీళ్ళు రోజూ కారి కారి మరలను తినేస్తాయి. తుప్పు పట్టిన నట్టుకు నూనె చుక్కలు వేసి కాసేపు ఆగి తిప్పితే వస్తుంది. ఆ కాసేపు ఆగడానికి ఎవరికీ తీరిక ఉండదు.

బరువు మూడో కారణం. ఇద్దరి కోసం చేసిన బండి మీద పాల క్యాన్లు, గ్యాస్ సిలిండర్లు, కూరగాయల మూటలు, బట్టల బస్తాలు వెళ్తుంటాయి. బరువుకు వెనక షాకులు కుంగినప్పుడు ఇరుసుకూ ఇంజిన్ దగ్గరి చిన్న పళ్ళ చక్రానికీ మధ్య దూరం పెరిగి గొలుసు ఇంకా బిగుస్తుంది. ఖాళీ బండికే చైన్ బిర్రుగా బిగించి ఉంటే, బరువు వేశాక ఆ ఒత్తిడి అడ్జస్టర్, బేరింగులు, ఇంజిన్ నుంచి బయటికొచ్చే షాఫ్ట్ అన్నిటి మీదా పడుతుంది. "కొంచెం టైటుగా పెట్టన్నా, మళ్ళీ మళ్ళీ రాలేను" అని మెకానిక్‌ను అడిగేవాళ్ళు తెలియకుండా ఈ నష్టాన్ని కొని తెచ్చుకుంటున్నారు.

నాసిరకం విడిభాగాలదీ వాటా ఉంది. హైదరాబాద్ పుత్లీబౌలిలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఒకే బండికి ఒకే అడ్జస్టర్ రెండు మూడు ధరల్లో దొరుకుతుంది. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. కన్ను దగ్గర పలక మందం తక్కువ, మరలు లోతు లేవు, పైపూత గోటితో గీస్తేనే లేస్తుంది. ఆదా అయ్యేది ముప్పయ్యో నలభయ్యో రూపాయలు.

"నట్టు బిగించాం కదా!"

విరిగిన అడ్జస్టర్‌తో తిరిగేవారందరూ చెప్పే మాట ఇది. ఇందులో సగం నిజం ఉంది. అందుకే ఇది ప్రమాదకరం.

నడుస్తున్న బండిలో చక్రాన్ని గట్టిగా పట్టి ఉంచేది ఇరుసు నట్టే. సరైన బలంతో బిగిస్తే స్వింగ్ ఆర్మ్ రెండు చెంపలూ ఇరుసు మీదికి నొక్కుకుని, ఆ ఒరిపిడితోనే చక్రం కదలకుండా ఉంటుంది. అడ్జస్టర్ చోటు చూపిస్తుంది, నట్టు ఆ చోటును కాపాడుతుంది. అడ్జస్టర్ విరిగిన మరుక్షణమే బండి పడిపోకపోవడానికి కారణం ఇదే. ఒక రోజు గడుస్తుంది, వారం గడుస్తుంది, ధైర్యం పెరుగుతుంది.

కానీ ఆ నట్టు ఎంత బలంతో బిగిసిందో ఎవరు కొలిచారు? చిన్న బండ్లకు ఇరుసు నట్టు బిగింపు సాధారణంగా 50, 60 న్యూటన్ మీటర్ల ప్రాంతంలో ఉండాలని కంపెనీ మాన్యువళ్ళు చెబుతాయి. టార్క్ పానా ఉన్న రోడ్డు పక్క షెడ్డు అరుదు. చేతి అంచనాతో బిగించేస్తారు. అనుభవమున్న చెయ్యి అయితే ఫరవాలేదు. పాత నట్టులోని నైలాన్ పట్టు పోయి ఉంటే, వాషర్ వంగి ఉంటే, స్వింగ్ ఆర్మ్ మీద మట్టి పొర ఉండగానే బిగించి ఉంటే, ఎంత మంచి చెయ్యి అయినా ఆ బిగింపు నిలవదు. మట్టి నలిగి రాలిపోగానే నట్టు వదులవుతుంది. అడ్జస్టర్ బాగుంటే అలాంటప్పుడు కూడా ఇరుసు ముందుకు జారకుండా అది అడ్డం నిలిచేది. అది లేని బండికి ఆ రెండో రక్షణ లేదు.

ఇరుసు ఎప్పుడూ ముందుకే జారుతుంది. రేజ్ చేసినప్పుడు గొలుసు పైభాగం చక్రాన్ని ముందుకు లాగుతుంది, ఇంజిన్ బ్రేకింగ్‌లో కింది భాగం లాగుతుంది. రెండూ ముందుకే. పైగా మన బండ్లలో దాదాపు అన్నిటికీ గొలుసు ఎడమ పక్కనే ఉంటుంది కాబట్టి ఆ లాగుడు ఎక్కువగా ఎడమ చివర మీదే పడుతుంది. కుడి అడ్జస్టర్ విరిగితే వచ్చే ముప్పు కన్నా ఎడమది విరిగితే వచ్చే ముప్పు చాలా పెద్దది.

│ బాక్స్ │ ఎంత బలంతో లాగుతుంది?

వంద సీసీ ఇంజిన్ ఇచ్చే గరిష్ఠ టార్క్ సుమారు 8 న్యూటన్ మీటర్లు. ఫస్ట్ గేరులో అది గొలుసు దాకా వచ్చేసరికి పళ్ళ చక్రాల జోడింపు వల్ల దాదాపు పది రెట్లవుతుంది. ముందున్న 14 పళ్ళ చిన్న చక్రం వ్యాసార్ధం మూడు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. ఈ లెక్కన నిండు రేజ్‌లో గొలుసు మీద పడే లాగుడు స్థూలంగా 250 నుంచి 300 కిలోల బరువుతో సమానం. వంతెన ఎక్కేటప్పుడు, బురదలోంచి బయటపడేటప్పుడు ఇరుసు ఎడమ చివర ఓర్చుకునేది ఈ బలాన్నే.

ఎడమ చివర జారితే చక్రం వంకర తిరుగుతుంది. మొదట కనబడే గుర్తులు చిన్నవి. బండి ఒక పక్కకు లాగుతున్నట్టుంటుంది. వెనక టైరు ఒక అంచు ఎక్కువ అరుగుతుంది. చైన్ కవర్‌కు గొలుసు కొట్టుకుని టకటకమంటుంది. వెనక బ్రేకు పెడల్ ముందుకన్నా లోతుగా దిగుతుంది, ఎందుకంటే చక్రం ముందుకు రాగానే డ్రమ్ బ్రేకు కడ్డీ వదులవుతుంది. ఈ గుర్తులన్నిటికీ మనవాళ్ళ దగ్గర వేరే కారణాలు సిద్ధంగా ఉంటాయి: గాలి తక్కువుంది, రోడ్డు బాలేదు, బ్రేకు షూలు అరిగాయి. ఇంకొంచెం జారితే వదులైన గొలుసు పళ్ళ మీద ఎగరడం మొదలవుతుంది. ఒక చెడ్డ క్షణంలో పూర్తిగా కింద పడుతుంది. పడిన గొలుసు రోడ్డు మీద జారిపోతే అది అదృష్టం. చక్రం పక్కన ఇరుక్కుంటే చక్రం బిగుస్తుంది. ముందు పళ్ళ చక్రం దగ్గర ముద్దకడితే ఇంజిన్ కేసింగ్ పగులుతుంది. వంద రూపాయల ముక్క మార్చనందుకు వేలల్లో బిల్లు వచ్చేది ఇలాంటప్పుడే.

బండి ఆగితే పూట గడవదు

ఇదంతా తెలియక తిరుగుతున్నారా అంటే అందరూ కాదు. షెడ్డుకొచ్చేవారిలో చాలామందికి అడ్జస్టర్ విరిగిందని తెలుసు. మార్చడానికి పట్టేది ఒక గంట. ఆ గంట వాళ్ళకు ఎప్పుడు దొరుకుతుందన్నదే అసలు ప్రశ్న.

చేపల వ్యాపారికి పొద్దున నాలుగింటికి చెరువు గట్టు మీద ఉండాలి, ఏడింటికల్లా ఊళ్ళలో అమ్మేయాలి. మంచు కరిగితే సరుకు ధర పడిపోతుంది. పాలు పోసేవాడిది కూడా ఇదే కథ. నగరంలో డెలివరీ కుర్రాడికి ఆర్డరు మీదే ఆదాయం. మధ్యాహ్నం, రాత్రి భోజనాల వేళ బండి షెడ్డులో పెడితే ఆ రోజు సంపాదనలో పెద్ద ముక్క పోయినట్టే. షెడ్డులేమో రాత్రి త్వరగా మూసేస్తారు, ఆదివారం చాలాచోట్ల తెరవరు. ఇలా ఒక్కో రోజూ వాయిదా పడుతుంది. వీళ్ళను నిర్లక్ష్యమని తిట్టడం తేలిక. తిట్టినందువల్ల ఒక్క అడ్జస్టరూ మారదు.

మెకానిక్ వైపు నుంచి చూసినా ఇబ్బందే. అడ్జస్టర్ మార్చితే కూలి ఎంతొస్తుంది? అదే సమయంలో ఆయిల్ మార్చి, క్లచ్ ప్లేట్లు వేస్తే ఎక్కువ వస్తుంది. కొందరు విరిగిన కన్నుకు పాత బోల్టు వెల్డింగ్ చేసి పంపించేస్తారు. ఆ వెల్డింగ్ గట్టిపరచిన ఉక్కును వేడికి మెత్తబరుస్తుంది, పక్కనే కొత్త పగులుకు చోటిస్తుంది. ఈ విషయం ఐటీఐలో టూ వీలర్ ట్రేడు చదివిన కుర్రాడికి తెలిసే అవకాశం ఉంది. పదేళ్ళప్పుడే షెడ్డులో చేరి పానా పట్టిన కుర్రాడికి ఎవరు చెప్పారు? మన బండ్లను నడిపిస్తున్నది ఎక్కువగా ఈ రెండో రకం కుర్రాళ్ళే. వాళ్ళకు తయారీ కంపెనీలే ఊరూరా శిక్షణ ఇవ్వాలి. అమ్మిన బండి వారంటీ దాటాక వెళ్ళేది వాళ్ళ చేతుల్లోకే కదా.

వెనక కూర్చునేవారి గురించీ చెప్పాలి. చీర కొంగు, చున్నీ గొలుసులో చిక్కుకోకుండా ఉండాలని మన దేశంలో కమ్యూటర్ బండ్లకు గొలుసును పూర్తిగా కప్పేసే కవర్లు వచ్చాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కూడా వెనక చక్రం సగానికి తగ్గకుండా రక్షణ కవచం ఉండాలంటున్నాయి. ఈ కవర్ల వల్ల ఎందరో ఆడవాళ్ళ ప్రాణాలు నిలిచాయి, అందులో సందేహం లేదు. వాటివల్ల వచ్చిన చిక్కు ఒకటే: గొలుసు ఎలా ఉందో ఎవరికీ కనబడదు. కవర్ కింది భాగంలో వేలెడంత రబ్బరు మూత ఒకటి ఉంటుంది. అది తీసి వేలితో గొలుసును పైకి ఎత్తి చూడొచ్చు. ఆ మూత ఎందుకుందో తెలిసిన యజమానులు తక్కువ. చాలా బండ్లకు అది ఊడిపోయి ఆ కన్నంలోంచి బురద లోపలికి పోతుంటుంది.

1985లో దేశంలోకి నాలుగు స్ట్రోకుల సీడీ 100 వచ్చినప్పుడు పెట్రోలు పోయించి, మూత పెట్టి, ఇక మర్చిపొమ్మని ప్రకటనలు చెప్పాయి. మైలేజీ గురించి చెప్పిన మాట అది, మైలేజీ విషయంలో నిజమే. ఆ మర్చిపోవడం మెల్లమెల్లగా బండి మొత్తానికీ పాకింది. స్కూటర్ల నుంచి బండ్లకు మారినవారికి గొలుసు అలవాటు లేదు. స్కూటర్లలో బయటికి కనబడే గొలుసే ఉండదు, బిగించే పనీ ఉండదు. దేశంలో 2024–25లో అమ్ముడైన ద్విచక్ర వాహనాలు కోటి 96 లక్షలు. అందులో కోటి 22 లక్షలకు పైగా మోటార్‌సైకిళ్ళే. వీటిలో దాదాపు ప్రతి బండికీ వెనక రెండు అడ్జస్టర్లున్నాయి.

పదిహేనేళ్ళు అడిగేవారు లేరు

లారీకి, బస్సుకు, ఆటోకు ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. సొంత మోటార్‌సైకిల్‌కు రిజిస్ట్రేషన్ చేశాక పదిహేనేళ్ళ దాకా ఎవరూ చూడరు. ఆ తరవాతే ఫిట్‌నెస్ చూసి అయిదేళ్ళకోసారి పొడిగిస్తారు. బండి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారినా బదిలీ అయ్యేవి కాగితాలే, ఇరుసు దగ్గరికి వంగి చూసేవారు ఉండరు.

చట్టంలో చోటు లేదా అంటే ఉంది. లోపమున్న బండిని తెలిసి తెలిసి రోడ్డెక్కిస్తే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద 1,500 రూపాయల దాకా జరిమానా. దానివల్ల ప్రమాదం జరిగి మనిషికి గాయమైతే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కానీ రోడ్డు పక్క తనిఖీల్లో అడిగేది లైసెన్సు, హెల్మెట్, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం. అడ్జస్టర్ సంగతి అడిగిన సందర్భం ఎవరి జ్ఞాపకంలోనూ ఉండదు.

2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది, అంటే 44.5 శాతం, ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు. ఈ మరణాలకు కారణాల పట్టికలో అతివేగం, తాగి నడపడం, రాంగ్ సైడ్, సిగ్నల్ దాటడం, సెల్‌ఫోన్ ఉన్నాయి. మిగతావన్నీ ఇతర కారణాల గడిలో పడిపోతాయి. బండి జారి పడిందని రాస్తారు. ఎందుకు జారిందో చైన్ కవర్ విప్పి చూస్తే తప్ప తెలియదు. ప్రాణం పోయిన ప్రతి ద్విచక్ర ప్రమాదంలోనూ బండి ఇరుసు, గొలుసు, బ్రేకుల స్థితిని నమోదు చేయిస్తే, ఎన్ని మరణాలు మనిషి తప్పు వల్ల కాక ఇనుము తప్పు వల్ల జరిగాయో తేలుతుంది.

రవాణా శాఖ ఏటా జనవరిలో రోడ్డు భద్రత కార్యక్రమాలు చేస్తుంది. ర్యాలీలు, కరపత్రాలు, హెల్మెట్ల పంపిణీ. వాటితోపాటు చేపల మార్కెట్లు, రైతు బజార్లు, పాల కేంద్రాల దగ్గర తెల్లవారాక ఒక మెకానిక్‌ను, ఒక డబ్బా అడ్జస్టర్లను కూర్చోబెడితే చాలు. సరుకు అమ్ముకుని తిరిగొచ్చేవారికి అప్పుడు ఒక గంట ఉంటుంది. ఆ గంటలో పని అయిపోతుంది.

దారిలో విరిగితే

ఊరికి దూరంగా, మెకానిక్ లేని చోట విరిగిందనుకుందాం. ఎడమ పక్కదా, కుడి పక్కదా ముందు చూడాలి. ఇరుసు రెండు పక్కలా ఒకే గీత దగ్గర ఉందా చూడాలి. ఎడమది విరిగి, ఇరుసు అప్పటికే జారి ఉంటే బండి నడపకూడదు. ట్రాలీ ఆటోకు ఇచ్చే డబ్బు దండగ కాదు.

ఇరుసు ఇంకా చోటు మారకపోతే, దగ్గర్లోని షెడ్డు దాకా మెల్లగా తీసుకెళ్ళొచ్చు. బరువు దింపేయాలి. వెనక మనిషిని ఎక్కించుకోకూడదు. ఇరుసు నట్టును పెద్ద పానాతో గట్టిగా బిగించాలి. గాడిలో ఇరుసుకు ముందున్న ఖాళీలో సరిగ్గా పట్టే ఇనుప ముక్కో, బోల్టు ముక్కో ఇరికిస్తే ఇరుసు ముందుకు జారడానికి చోటుండదు. అనుభవమున్న మెకానిక్‌లు రోడ్డు మీద చేసే పని ఇదే. చెక్క ముక్క పెడితే ఆ బలానికి నలిగిపోతుంది, దాన్ని నమ్మకూడదు. తక్కువ గేరులో గట్టిగా రేజ్ చేయకుండా, గుంతలు తప్పించుకుంటూ, రెండు మూడు కిలోమీటర్లకోసారి ఆగి గీతలు చూసుకుంటూ వెళ్ళాలి. హైవే మీద, అంటే హైదరాబాద్–విజయవాడ దారి లాంటి చోట, లారీల మధ్య ఈ పని చేయకూడదు. అక్కడ చక్రం బిగిస్తే వెనక వచ్చేవారికి ఆగే సమయం ఉండదు.

ఇలా తీసుకెళ్ళడం షెడ్డు దాకానే. ఆ ఇనుప ముక్కతోనే మర్నాడు మళ్ళీ చెరువు గట్టుకు వెళ్ళిపోయేవారున్నారు.

│ బాక్స్ │ వారానికోసారి, అర నిమిషం

బండి పక్కన కూర్చుని స్వింగ్ ఆర్మ్ మీద ఇరుసు దగ్గరున్న గీతలు చూడండి. ఎడమా కుడీ ఒకే గీత మీద ఉండాలి. అడ్జస్టర్ నట్టును వేళ్ళతో తిప్పండి, తేలిగ్గా తిరిగితే మరలు పోయాయనో, కడ్డీ తెగిందనో అర్థం. గొలుసు కింది భాగాన్ని మధ్యలో వేలితో పైకీ కిందికీ కదపండి. చాలా చిన్న బండ్లకు ఆ కదలిక 20 నుంచి 30 మి.మీ. మధ్య ఉండాలి, మీ బండికి సరిగ్గా ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. చక్రాన్ని తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి. అరిగిన గొలుసు ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా ఉంటుంది. బిగుతుగా ఉన్నచోటే కొలవాలి.

కొత్తది వేశాక

అడ్జస్టర్ ఒక పక్కదే విరిగినా రెండూ మార్చడం మంచిది. రెండింటి వయసూ ఒకటే, రెండూ తిన్నది ఒకే తుప్పు. వేసే ముందు స్వింగ్ ఆర్మ్ చివర్లను తీగ బ్రష్‌తో శుభ్రం చేయించాలి. అడ్జస్టర్ ఆనుకునే చివరి మూత వంగి ఉంటే దాన్నీ మార్చాలి. మరలకు కాస్త గ్రీజు పూస్తే మళ్ళీ విప్పేటప్పుడు ఏడిపించదు. రెండు పక్కలా నట్లను సమానంగా, కొంచెం కొంచెంగా తిప్పుతూ రావాలి. ముందు ఇరుసు నట్టు, స్లీవ్ నట్టు బిగించి, ఆ తరవాతే లాక్ నట్లు బిగించాలి.

కొందరు మెకానిక్‌లు చక్రం బిగించగానే పని అయిపోయిందనుకుంటారు. చక్రం చోటు మారింది కాబట్టి వెనక బ్రేకు కడ్డీని మళ్ళీ సరిచేయాలి. లేకపోతే చక్రం వెనక్కి వెళ్ళినందువల్ల బ్రేకు షూలు పట్టేసి డ్రమ్ వేడెక్కుతుంది. బ్రేకు లైటు పెడల్‌తో సమానంగా వెలుగుతోందో లేదో చూడాలి. గుంతల్లో వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్ళీ షెడ్డుకు వచ్చి ఇరుసు నట్టును చూపించుకోవాలి. కొత్తగా బిగించిన భాగాలు కుదురుకునేటప్పుడు ఆ నట్టు కాస్త సడలొచ్చు. దానికి కూలి అడిగే మెకానిక్ మన ఊళ్ళలో దాదాపు ఉండడు.